గింజలు నానిన నీళ్ళు

చక్కెర కరిగిందో లేదో కంటితో చూడకూడదు, చెవితో వినాలి, గరిటె అడుగుకు ఆనించి తిప్పితే ఇసుకలో నడిచినట్టు గరగరమంటే ఇంకా ఉందని, ఏ చప్పుడూ లేకపోతే కరిగిందని, అమ్మ చెప్పిన మాట అది, డెబ్బై రెండేళ్ళు వచ్చినా గరిటె చేతికి తగలగానే ఏవిస్ చెవి దానంతటదే గిన్నె మీదికి వంగుతుంది. చప్పుడు లేదు. ఇక మంట పెంచవచ్చు. పెంచితే పావుగంట, ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట, ఈలోగా తేలిపోతుంది. తేలాల్సిందేమిటో ఆమెకు తెలుసు, తెలుసు కాబట్టే పొద్దుటి నుంచి తొక్కలు మెత్తబడుతున్నంతసేపూ ఇంకేవేవో ఆలోచించింది, చూరు గొట్టంలో పేరుకుపోయిన ఆకుల గురించి, పక్కింటివాళ్ళ పిల్లి కుంటుతున్న కాలు గురించి, కొండ మీద ఈ ఏడు మంచు ఇంత ఆలస్యంగా ఎందుకు పడిందా అని. ఇప్పుడు ఆలోచించడానికి అవేవీ మిగల్లేదు. మంట పెంచింది.

ఇత్తడి బాణలి తనది కాదు. అందులో ఉడుకుతున్న నారింజ తొక్కలు తను తరిగినవి కావు. అన్నీ నోరీన్‌వి, చెల్లెలివి. శనివారం సాయంత్రం నోరీన్ తన వంటింట్లో కూర్చుని, మార్మలేడ్‌కని, అంటే తొక్కలతో చేసే నారింజ జామ్‌కని, కిలోన్నర చేదు నారింజలు పిండి, తొక్కలు సన్నగా తరిగి రసంలోనూ నీళ్ళలోనూ వేసి, గింజలన్నీ ఏరి వేరే జగ్గులో నానబెట్టి, జగ్గు మీద సాసరు మూతపెట్టి, మేడ మీదికి వెళ్ళి పడుకుంది. ఆదివారం లేవలేదు. గుండె అన్నాడు డాక్టరు. అరవై ఎనిమిదేళ్ళు. రేపటి పని అంత శుభ్రంగా సర్దిపెట్టుకున్న మనిషి ఆ రేపటికి లేకుండా ఎలా పోతుంది, ఏవిస్‌కి ఇదే మింగుడుపడటం లేదు, చావు మింగుడుపడింది గానీ జగ్గు మీద సాసరు మింగుడుపడటం లేదు. ఈ నాలుగు రోజుల్లో ఆమెకి ఒక్కసారీ ఏడుపు రాలేదు. తొమ్మిదేళ్ళుగా మాట్లాడని చెల్లెలి కోసం ఏడవటానికి తనకి హక్కుందో లేదో కూడా ఆమెకి తెలియదు.

నిన్న సాయంత్రం నోరీన్ కూతురు బ్రయనీ కారు డిక్కీ తెరిచి, ఒకదాని తర్వాత ఒకటి గుమ్మంలో పెట్టింది, బేసిను, జగ్గు, బాణలి. ముఖం ఉబ్బిపోయి ఉంది, చేతులకి తొడుగులు కూడా లేవు. "పారబోద్దామని సింకు దాకా తీసుకెళ్ళాను పెద్దమ్మా, చేతులు రాలేదు. నాకు చెయ్యటం రాదు. నువ్వయితే..." అని ఆగిపోయింది. "పై వారం కాక ఆ పై వారం అంత్యక్రియలు అంటున్నారు. ఆ రోజు అందరికీ టీ ఇస్తాం కదా. రొట్టె మీదకి అమ్మ మార్మలేడ్ ఉంటే బావుంటుంది." ఏవిస్ తల ఊపింది. జగ్గు తీసుకోబోతుంటే బ్రయనీ దాన్ని వెంటనే వదల్లేదు. "ఇది మాత్రం పారెయ్యకు. అసలు సంగతంతా ఇందులోనే ఉందనేది అమ్మ. గింజల్ని జల్లెట్లో పోసి గరిటెతో బాగా రుద్దాలట, దిగిన జిగురంతా తొక్కల్లో కలపాలట." సాసరు ఎత్తి చూస్తే నీళ్ళు నీళ్ళుగా లేవు, కోడిగుడ్డు తెల్లసొనలాగా చిక్కగా, వంచితే గింజలతో సహా ఒక్క ముద్దగా కదిలాయి. యాభై ఏళ్ళు మార్మలేడ్ చేసిన ఏవిస్ ఆ జిగురు ఎప్పుడూ చూడలేదు. తను, ఊళ్ళో అందరూ, గింజల్ని మల్లు గుడ్డలో మూటకట్టి తొక్కలతో పాటు ఉడకేస్తారు, చివర్లో మూట పిండి అవతల పారేస్తారు. గింజల్ని విడిగా రోజులకి రోజులు చన్నీళ్ళలో నానబెట్టాలని ఎవరూ అనుకోలేదు. ఏవిస్ సాసరు మళ్ళీ జగ్గు మీద మూతపెట్టింది.

కుతకుతలు మొదలయ్యాయి. నురగ పైకొస్తోంది, గోరంత వెన్న వేస్తే అణుగుతుంది, వేసింది, అణిగింది. ఆవిరికి కిటికీ అద్దం మసకబారి అవతల కొండ కనబడటం మానేసింది. తొక్కలు మునుగుతూ తేలుతూ తిరుగుతున్నాయి, ప్రతి ముక్కా అగ్గిపుల్లంత సన్నం, ప్రతి ముక్కా కొసన ఏటవాలుగా తెగి ఉంది, అందరి ఏటవాలు ఒకవైపు ఉంటే నోరీన్‌ది రెండోవైపు. ఎడమచేతి వాటం. బళ్ళో టీచరమ్మ ఆ ఎడమచేతిని కుర్చీకి మఫ్లరుతో కట్టేసేది, కుడిచేత్తో రాయటం అలవాటు కావాలని. పై తరగతిలో ఉన్న ఏవిస్ ఆటల గంట కొట్టగానే పరిగెత్తుకొచ్చి ముడి విప్పేది, మళ్ళీ గంట కొట్టేలోగా కట్టేది, అంతే వదులుగా, టీచరుకి అనుమానం రాకుండా. ఆ పదిహేను నిమిషాలూ నోరీన్ ఆడేది కాదు. చెయ్యి రుద్దుకుంటూ అక్క వంక చూస్తూ కూర్చునేది. "నువ్వు పెద్దదానివయ్యాక టీచరువవుతావా అక్కా?" "ఎందుకే?" "అప్పుడు ఎవరి చేతులూ కట్టవు కదా." ఆ చేతినే, ఆ చేతి కోతనే చూసి గుర్తుపట్టి తను... వద్దు. అటు వెళ్ళకూడదు. గరిటె తిప్పాలి. ఏడు నిమిషాలయింది.

ఫ్రీజర్లో మూడు సాసర్లు చల్లబడుతున్నాయి. పాకం చుక్క చల్లటి సాసరు మీద వేసి, నిమిషం ఆగి, వేలితో నెట్టాలి, పైన చర్మంలా ముడత పడితే అయినట్టు, నీళ్ళలా జారితే ఇంకా కాలేదు. మామూలుగా తనది ఇరవై నిమిషాలకి గానీ ముడతపడదు, పడినా ఆ ముడత చంటిపిల్ల నుదురు చిట్లించినంత, సీసా వంపితే మార్మలేడ్ అటే జారుతుంది. ఊళ్ళో అందరిదీ అంతే. కొన్న పెక్టిన్, అదే జామ్ గట్టిపడటానికి పోసే మందు, సీసాడు పోస్తే తప్ప కత్తితో కోస్తే నిలబడే గట్టిదనం రాదు, పోటీల తీర్పరుల శిక్షణలో చెప్పారు, పుస్తకంలో ఉంది, తను పరీక్ష రాసి పాసయి తెల్లకోటు సంపాదించుకున్న మనిషి. తెల్లకోటు వేసుకున్న రోజు ఎంత నిటారుగా నడిచిందో తలుచుకుంటే ఇప్పుడు మెడ వెనక వేడెక్కుతోంది. పెద్ద చదువుల్లేని మనిషికి యాభై ఎనిమిదో ఏట ఒక కోటు దొరికితే ఎంత బరువో, ఎంత అందమో. ఆ బాణలి మాత్రం దొరకలేదు. అమ్మ దాన్ని నోరీన్ పెళ్ళికిచ్చింది. "నీకు అల్యూమినియంది ఉంది కదే" అంది అమ్మ. ఉంది. ఉన్నంత మాత్రాన, పెద్దకూతురిని అడగనైనా అడక్కుండా ఇచ్చేస్తుందా అని నలభై ఏళ్ళు పళ్ళెంలో అడుగున మిగిలిన మెతుకులా ఆ మాట మనసులో అంటుకునే ఉంది. తనూ అడగలేదు కదా. అడగందే అమ్మైనా పెట్టదు.

మొదటి సాసరు. చుక్క వేసింది. నిమిషం లెక్కపెట్టింది. నెట్టింది. జారింది. ఏవిస్ గుండెల్లోంచి ఊపిరి బయటికొచ్చింది, హాయిగా. ఆ హాయి ఎందుకొచ్చిందో అర్థమై మరుక్షణం సిగ్గుతో చచ్చిపోయింది. చచ్చిపోయిన చెల్లెలి ఆఖరి మార్మలేడ్ గట్టిపడకపోతే సంతోషించే మనిషి ఈ భూమ్మీద ఉంటుందా, ఉంది, ఏప్రన్ కట్టుకుని ఈ స్టవ్వు ముందు నిలబడి ఉంది. ఇది గట్టిపడకపోతే తొమ్మిదేళ్ళ కిందట తను రాసింది నిజం. గట్టిపడితే అబద్ధం. అంతే లెక్క, మధ్యలో ఇంకేమీ లేదు.

మార్చి నెల, చర్చి పక్కన హాలు, మార్మలేడ్ పోటీ, తీర్పరి తను, బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద ఇరవై మూడు సీసాలు, పేర్లు ఉండవు, అంకెలే. నిబంధన ఒకే ఒక్క వాక్యం, చేదు నారింజ మార్మలేడ్, కొన్న పెక్టిన్ కలపరాదు. పద్నాలుగో సీసా ఎత్తి కిటికీ వెలుతురుకి పట్టుకుంది. వంచింది. కదల్లేదు. మూత తీసి చెంచాతో కోసింది. కోసిన గోడ నిలబడింది, అద్దంలా, సన్నగా వణుకుతూ. పక్కన పుస్తకం పట్టుకుని రాసుకుంటున్న మార్జరీ, "ఏంటండీ, పద్నాలుగు దగ్గర ఆగిపోయారు?" అంది. "మరీ గట్టిగా ఉంది మార్జరీ. ఇందులో సీసా మందు పడింది." మార్జరీ మంచిది, మెల్లిగా అంది, "అడగమంటారా? చేసినవాళ్ళందరూ బయట టీ తాగుతున్నారు, అంకె చెప్పి పిలిస్తే ఒక్క నిమిషం." ఆ ఒక్క నిమిషం. "అడగక్కర్లేదు," అంది ఏవిస్, "నాకు తెలుసు." కార్డు తీసుకుని తన అందమైన అక్షరాలతో 'నిబంధన ప్రకారం లేదు' అని రాసి, కింద సంతకం చేసి, సీసాకి ఆనించింది. తలుపులు తెరిచాక నలభై మంది ముందు నోరీన్ ఆ కార్డు చదివింది. రెండుసార్లు చదివింది. సీసా సంచిలో వేసుకుని, కార్డు కూడా వేసుకుని, అక్క ముందుగానే వెళ్ళింది. "సరే," అంది. అంతే. నోరీన్ గొంతులో విన్న ఆఖరి మాట అదే అవుతుందని ఎవరనుకుంటారు. సోమవారం ఫోను చేస్తుందిలే అనుకుంది, తప్పు చేసింది అది కదా. ఆ సోమవారం తర్వాత ఎన్ని సోమవారాలు. రెండు మైళ్ళ దూరం. జనవరిలో కూరగాయల కొట్టుకి చేదు నారింజల పెట్టెలొచ్చినప్పుడు, "మీ చెల్లెలు నిన్ననే పట్టుకెళ్ళిందండీ," అనేవాడు కొట్టతను, ఏమీ తెలియనట్టు, అన్నీ తెలిసే. ఒకరు వచ్చే రోజు ఇంకొకరు రాకుండా చూసుకోవటం ఒక్కటే ఇద్దరూ కలిసి చేసిన పని.

"ఇల్లంతా వాసన," అంటూ ఆమె భర్త క్లిఫర్డ్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని. "అయిందా?"

"కాలేదు."

అతను బాణలి వంక చూశాడు. "ఆ బాణలి నీ పొయ్యి మీదకి ఎక్కటానికి ఇన్నాళ్ళు పట్టింది. పాపం, ఇలా ఎక్కింది." ఇంకేదో అనబోయి, అలవాటైన వేళాకోళం నోటిదాకా వచ్చి ఆగింది కాబోలు, మెడ గోక్కున్నాడు. ఆ ఏడాది ఎన్నిసార్లు చెప్పాడో, వెళ్ళి మాట్లాడు, పెద్దదానివి, నువ్వే ఒక మెట్టు దిగు అని. నీ కుందేటికి మూడే కాళ్ళు, నాలుగోది చూపించినా చూడవు అని. "టీ పెట్టనా?" అన్నాడు చివరికి. "తర్వాత" అంది. అతను వెళ్ళిపోయాడు, వెళ్తూ తలుపు చప్పుడు కాకుండా వేశాడు, జబ్బుమనిషి గది తలుపు వేసినట్టు.

పదకొండు నిమిషాలు. ఇప్పుడే దించేస్తే? గట్టిపడకముందే సీసాల్లో పోసేస్తే, చూశావా బ్రయనీ, నీళ్ళలా ఉంది, మీ అమ్మ పద్ధతి పనిచెయ్యలేదు. లేదూ, ఇంకో ముప్పావుగంట వదిలేస్తే ఎలాగూ ముదురుపాకమై రాయిలా బిగుస్తుంది, అప్పుడు, అయ్యో ఎక్కువ ఉడికింది, గట్టిదనం గింజలది కాదు మంటది. దారులు ఎన్నున్నాయో, మనసు ఎంత తెలివైందో, దాని తెలివి చూస్తే అసహ్యం వేస్తోంది. మొన్న సోమవారం అంతకన్నా నీచమైన పని చేసింది. బ్రయనీకి సాయం చేస్తానని నోరీన్ ఇంటికి వెళ్ళి, సామాన్ల గదిలో ఒంటరిగా నిలబడి, పిండి డబ్బాల వెనక, తేనె సీసాల వెనక, పై అరలో స్టూలెక్కి మరీ వెతికింది. పెక్టిన్ సీసా కోసం. ఒక్కటి, ఖాళీది, పాతది, ఏదైనా. దుమ్ము కూడా లేదు. "ఏం వెతుకుతున్నావు పెద్దమ్మా?" "టీ పొడి." టీ పొడి డబ్బా కళ్ళెదురుగానే ఉంది. బ్రయనీ దాన్ని తీసి చేతికిచ్చింది.

రెండో సాసరు తీసింది. చుక్క వెయ్యబోతే రెండు చుక్కలయింది. నిమిషం. బయట నాలుగవుతోంది, జనవరి కదా, అప్పుడే చీకటి పడుతోంది, ఎవరో కుక్కని పిలుస్తున్నారు. ఏవిస్ వేలు చాపింది. నెట్టింది. ముడత. ఒకటి కాదు, వేలి ముందు వరసగా, దుప్పటి జరిపితే పడినట్టు, మడత మీద మడత. ఇంకా నెట్టింది, చుక్క మొత్తం ఒక్క ముక్కగా సాసరు మీద జరిగింది. సాసరు నిలువుగా ఎత్తి పట్టుకుంది. జారలేదు. పదమూడు నిమిషాలకే. ముదరలేదు, మాడలేదు, తేనెరంగు మారలేదు, కొన్న పెక్టిన్ పడలేదు, గింజల జిగురు తన చేత్తోనే రుద్ది కలిపింది, తన కళ్ళతోనే చూసింది. నారింజ, నీళ్ళు, చక్కెర, గింజలు. మంట ఆర్పేసింది. కుతకుతలు తగ్గి వంటిల్లు నిశ్శబ్దమయ్యాక, సాసరు మీది చుక్క వేలితో తీసి నోట్లో పెట్టుకుంది.

చేదు ముందు, తీపి తర్వాత, ఆ తర్వాత మళ్ళీ చేదు, నాలుక చివర కాదు, గొంతులో. అమ్మ చేతిది. తొమ్మిదేళ్ళ కిందట హాల్లో చెంచా నోట్లో పెట్టుకున్నప్పుడూ ఇదే రుచి. ఇదే. అంకెలే ఉంటాయి, పేర్లుండవు, నిజమే, కానీ ఎడమచేతి కోతకి పేరెందుకు. పద్నాలుగు ఎవరిదో తనకి సీసా ఎత్తిన క్షణంలోనే తెలుసు. తెలుసు అని మార్జరీతో అన్నప్పుడు తనకి తెలిసింది పెక్టిన్ సంగతి కాదు. చెల్లెలు తన కంటే బాగా చేసిందని తెలుసు, అమ్మ బాణలిలో అమ్మ రుచి తెచ్చిందని తెలుసు, అది ఎలా చేసిందో తనకి మాత్రం తెలియదని తెలుసు. తెల్లకోటు వేసుకున్న అక్క చెల్లెల్ని ఎలా చేశావే అని అడగలేకపోయింది. అడగటం కంటే దొంగ అని రాయటం తేలికయింది. ఏవిస్ స్టవ్వు అంచు పట్టుకుని నిలబడింది. ఏడుపు వచ్చింది, ఎక్కడినుంచో అడుగునుంచి, అసహ్యంగా, చప్పుడుతో వచ్చింది. తొమ్మిదేళ్ళు అటు చూడకుండా బతికిన సంగతి ఇది, ఇప్పుడు చూసింది, చూసి చెప్పుకుందామంటే మనిషి లేదు.

పది నిమిషాలు ఆగి పొయ్యాలి, వెంటనే పోస్తే తొక్కలన్నీ పైకి తేలిపోతాయి. ఆ పది నిమిషాల్లోనే ఫోను మోగింది. బ్రయనీ.

"గట్టిపడిందా పెద్దమ్మా?"

"పడింది."

"అమ్మది ఎప్పుడూ అంతే. కత్తితో కొయ్యాలి." ముక్కు చీదిన చప్పుడు. ఏవిస్ రిసీవరు రెండు చేతులతో పట్టుకుంది. మాటలు ఏరుకోవటానికి ప్రయత్నించలేదు, ఏరితే మళ్ళీ తెలివి చూపిస్తుంది మనసు.

"బ్రయనీ, నేను ఆ రోజు రాసింది తప్పు. మీ అమ్మ ఏమీ కలపలేదు. అది మీ అమ్మదని తెలిసే రాశాను. అది కూడా చెప్పాలి నీకు."

అవతల కెటిల్ కూత మొదలై ఆగింది, ఎవరో దించారు.

"అమ్మకి తెలుసు," అంది బ్రయనీ. గొంతులో కోపం ఉందో లేదో తెలియలేదు. "నీకు తెలుసని తనకి తెలుసు. కార్డు పారెయ్యమని నేనెన్నిసార్లు గొడవపడ్డానో. మొదటి రెండేళ్ళూ మాత్రం, జనవరి వచ్చిందంటే గింజలు రెండు జగ్గుల్లో నానబెట్టేది. ఒకటి నీకని. అక్క వచ్చి ఎలా చేశావే అని అడిగితే ఇచ్చేస్తాను, అడిగితే చాలు, ఇంకేమీ అనను అనేది. మూడో ఏడు నుంచి ఒకటే పెట్టింది."

ఏవిస్ ఏదో అంది. ఏమందో తర్వాత గుర్తులేదు. బ్రయనీ, "నేను ఆదివారం వచ్చి సీసాలు పట్టుకెళ్తాను," అని, కాస్త ఆగి, "నువ్వు జాగ్రత్త, చెయ్యి కాల్చుకోకు," అని పెట్టేసింది.

ఓవెన్లోంచి వేడి సీసాలు తీసి ఒక్కొక్కటిగా నింపింది. తొక్కలు సీసా నిండా సమంగా నిలిచాయి, ఒక్కటీ తేలలేదు. ఎనిమిది సీసాలు నిండాయి. చీటీలు తీసి, ఎనిమిదింటి మీదా నోరీన్ పేరు రాసింది, తన అందమైన అక్షరాలతో, పేరు కింద 'కొన్న పెక్టిన్ లేదు' అని రాసింది, ఆ కార్డు ఏ చేత్తో రాసిందో ఆ చేత్తోనే. రెండు చీటీలు తడిసి అక్షరాలు అలుక్కుపోతే మళ్ళీ రాసింది. ఆ రోజు హాల్లో ఉన్న నలభై మందిలో బతికున్న వాళ్ళందరూ అంత్యక్రియలకి వస్తారు. టీ దగ్గర ఎవరైనా చదివి అడిగితే చెప్పాలి. ఎవరూ అడక్కపోతే తనే చెప్పాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవటమే, అయినా పట్టుకోవాలి.

బాణలి అడుగున ఇంకా మిగిలింది, అది తొమ్మిదో సీసాకి సగమే వచ్చింది. అరసీసా దాచటానికి వీల్లేదు, అమ్మ నియమం, అది ఆ సాయంత్రమే పిల్లలది. పెరటి మెట్టు మీద కోట్లు వేసుకుని కూర్చునేవాళ్ళు ఇద్దరూ, నోరీన్ ఎడమ పక్క, తను కుడి పక్క, అలా కూర్చుంటేనే మోచేతులు తగలవు. పెద్దదాన్ని కాబట్టి తనే ముందు చెంచా ముంచేది, మళ్ళీ ముంచేది, మళ్ళీ. నోరీన్ లాక్కునేది కాదు, ఏడ్చేది కాదు, ప్రతిసారీ అడిగేది. "అక్కా, ఇప్పుడు నేనా?"

ఏవిస్ సొరుగు తెరిచి రెండు చెంచాలు తీసుకుంది. కోటు వేసుకోకుండానే పెరటి తలుపు తీసింది. మెట్టు మంచుకి తడిసి ఉంది. ఎడమ పక్క చోటు వదిలి కూర్చుని, వెచ్చటి అరసీసా ఆ చోట్లో పెట్టి, ఒక చెంచా దాని పక్కన పెట్టింది. రెండోది ఒళ్ళో పెట్టుకుంది, ముంచలేదు. సీసా చల్లబడి లోపల మార్మలేడ్ బిగుసుకునేదాకా, ఎవరో అడుగుతారన్నట్టు అలాగే కూర్చుంది.